నేను బిగించిన చక్రం

3 జులై 1983, ఆదివారం

పాస్టరుగారు ఈ మధ్య ప్రసంగం తనలో తనే చేసుకుంటున్నాడు. మైకు కొనమని సంఘం పెద్దలకు నేనే చెప్పాలి. వెనక వరుసల్లో అందరూ వింటున్నట్టు తలలు ఊపుతారు. అంతా నటన.

మధ్యాహ్నం తిని నడుం వాల్చానో లేదో మహబూబ్ వచ్చాడు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు డాక్టరమ్మ అంబాసిడర్ వేసుకుని. ఆదివారం షెడ్డు తెరవనని వాడికి తెలుసు. నా దగ్గర ఆరేళ్లు పానాలు పట్టుకుని పని నేర్చుకున్నవాడు. పోయిన ఏడాది డాక్టరమ్మ ప్రమీలమ్మతో మాట్లాడి వాణ్ని డ్రైవరుగా పెట్టించింది కూడా నేనే.

"ఉస్తాద్, ముందర ఎడంపక్క గలగలంటాండాది. డబ్బాలో చింతపిక్కలేసి ఊపినట్ల" అన్నాడు.

"ఎప్పుట్నుంచి?"

"నాలుగు దినాలాయ. మెల్లగ పోతే వస్తాది. స్పీడు పోతే నిలబడిపోతాది."

పక్కన కూర్చుని రైలుగేటు దాకా పోయి వచ్చాను. ఇంజను కొట్టుకోవడం స్పష్టంగా వినిపిస్తోంది. గేర్‌బాక్సు మూలుగు కూడా వినిపిస్తోంది. వీడు మాత్రం ప్రతి గుంత దగ్గరా "అద్దో, అద్దో ఉస్తాద్" అంటాడు. ఏదీ? ఏమీ లేదు.

"లేనిదాన్ని యాడని ఎతకమంటావురా?" అన్నాను. వాడు నా మొహంలోకి అదో రకంగా చూశాడు. డాక్టరు కారు తోలుతున్నాడు కదా, నాకు శబ్దాల గురించి చెప్పేంతవాడయ్యాడు.

5 జులై

డిక్కీలో జాకీ కదులుతోంది, అంతే. గోనెపట్ట చుట్టి కట్టి పంపించాను.

9 జులై, శనివారం

మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే పాట. సైలెన్సర్ క్లాంపు బిగించి పంపించాను. నిజానికి అది వదులుగా ఏం లేదు. వాడి మనసుకు ఏదో ఒకటి బిగించినట్టు ఉండాలి కదా.

మిడుతూరు నుంచి సంజామల దాకా ఏ లారీ మూలిగినా పరంజ్యోతి మేస్త్రి చెవి పెట్టాల్సిందే అంటారు. ముప్పై ఏళ్ల పేరు ఇది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, దాని పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటానే, అప్పుడు షెడ్డులో మనుషులు మాట్లాడడం కూడా ఆపేస్తారు. అవుకు నుంచి ఒకాయన తన కొడుకును తీసుకొచ్చి నన్ను చూపించి మరీ పోయాడు. అలాంటివాడికి ఈ మహబూబ్ చింతపిక్కల కథ చెబుతున్నాడు.

10 జులై

ఎడంపక్క ముందు చక్రానికి జూన్‌లో గ్రీజు పెట్టింది నేనే. అది ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన పని ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి.

ఐదు నట్లూ నేనే బిగించాను. అందరిలాగా స్పానరు తిప్పి లేచిపోయే మనిషిని కాను. బిగించాక ఒక్కొక్క నట్టునూ చిన్న సుత్తితో తడతాను. బిగువుగా ఉన్న నట్టు కంగుమంటుంది, వదులుది దబ్బుమంటుంది. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. ఈ మధ్య వచ్చే ఇనుము ఎంత పనికిమాలిందో గానీ, ఎంత బిగించినా దబ్బుమనే అంటుంది. స్పానరుకు పైపు తొడిగి, పైపు మీద రెండు కాళ్లతో నిలబడి బిగించాను. అప్పటికీ కంగుమనలేదు. ఇంకోసారి నిలబడ్డాను. ఇక చాల్లే అని నట్ల మీద వీల్ కప్పు తొడిగి, దాని మీద సుద్ద గీత గీశాను.

ఆ గీత ఉన్నచోట నా దగ్గర పని నేర్చినవాడెవడూ చెయ్యి పెట్టడు. అలా పెట్టకూడదని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఉస్తాద్ గీత గీశాడంటే ఆ పని అయిపోయినట్టే. పాణ్యంలో, బనగానపల్లెలో షెడ్లు పెట్టుకున్న నా శిష్యులు ఇవాళ్టికీ నా గీత చూస్తే పక్కకు తప్పుకుంటారు.

17 జులై

చేతి గడియారం ఆగిపోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు.

19 జులై

గడియారం బాగానే నడుస్తోందట. రిపేరువాడు నవ్వుతూ తిరిగి ఇచ్చాడు. టైము సరిగ్గానే చూపిస్తోంది, అది నిజమే. వాడికి పని రాదు.

ఆదెమ్మ ఈ మధ్య వంటింట్లోంచి గొణగడం అలవాటు చేసుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె గొంతు ఊరంతా వినిపించేది. మనిషి ముందుకు వచ్చి మాట్లాడవే అంటే, దగ్గరకు వచ్చి, నా కళ్లలోకి చూసి, చంటిపిల్లాడికి చెప్పినట్టు విడివిడిగా చెబుతోంది. ఎగతాళి.

24 జులై, ఆదివారం

ఇవాళ మహబూబ్‌ను నలుగురిలో కడిగేశాను. కడగాల్సిందే.

ప్రార్థన అయి బయటికి వచ్చేసరికి చర్చి గేటు దగ్గర కారు పెట్టుకుని నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, చాలా వినయంగా, "ఉస్తాద్, మామ ఆ ఎడంపక్క వీల్ కప్పు ఇప్పి సూడమంటాండాడు" అన్నాడు.

మామ అంటే లాల్ సాహెబ్. ఆళ్లగడ్డలో షెడ్డు. నాకంటే ఐదేళ్లు ముందు పనిలోకి వచ్చి, నా పేరులో సగం కూడా తెచ్చుకోలేకపోయినవాడు. అదీ సంగతి! ఈ చప్పుడు ఎడంపక్క చక్రంలో నుంచి రావడం లేదు, లాల్ సాహెబ్ నోట్లోంచి వస్తోంది. డాక్టరమ్మ కారు తన షెడ్డుకు మళ్లించుకోవాలి, అందుకు నా చేతిపని చెడ్డదని అనిపించాలి.

"మీ మామ ఇప్పమన్నాడా? ఇప్పప్పా. ఆ గీత చెరిపేసి ఇప్పు. ఇప్పినాక మాత్రం నా షెడ్డు గడప తొక్కొద్దు" అన్నాను.

సంఘం మొత్తం మెట్లమీద నిలబడి చూస్తోంది. మహబూబ్ మొహం మాడిపోయింది. "అంత మాట ఎందుకు ఉస్తాద్. నువ్వు వద్దంటే నేను ఇప్పను. నా తల మీద ఒట్టు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా వినిపించింది. వాడు దగ్గరికి వచ్చి గట్టిగానే అన్నాడు. నాకు లోపల చాలా సంతోషం వేసింది. శిష్యుడంటే అలా ఉండాలి.

1 ఆగస్టు, సోమవారం

డాక్టరమ్మే స్వయంగా వచ్చింది. "నాకు కూడా వినపడుతోంది మేస్త్రీ, ఏదో గిలక్కాయ ఆడించినట్టు" అంది. ఆమెకు లాల్ సాహెబ్‌తో పని లేదు. కారులో ఆమె పక్కన కూర్చుని బస్టాండు దాకా పోయాను. "ఇదిగో, ఇప్పుడు!" అంది. మహబూబ్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"అవునమ్మా, ఇప్పుడు దొరికింది" అన్నాను.

అది అబద్ధం కాదు. ఏదో వినిపించినట్టే అనిపించింది.

షాకబ్జర్ బుష్షులు మార్చాను. డాక్టరమ్మ కారు తిప్పించి చూసి, చప్పుడు ఇంకా కొంచెం ఉన్నట్టుందే అంది. కొత్త బుష్షులమ్మా, కుదురుకోవాల, వంద మైళ్లు తిరిగితే అదే పోతాదని చెప్పాను. "నువ్వు చెప్పినాక ఇంక భయమేముంది" అని నవ్వుతూ కారెక్కింది. మహబూబ్ పోయేముందు వంగి ఆ కప్పు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

6 ఆగస్టు

చప్పుడు గురించి ఎవరూ రాలేదు. పోయినట్టుంది.

11 ఆగస్టు, గురువారం

చక్రం ఊడింది.

12 ఆగస్టు

జరిగింది రాస్తాను.

నిన్న పొద్దున డాక్టరమ్మను తీసుకురావడానికి మహబూబ్ ఖాళీ కారుతో నంద్యాలకు బయల్దేరాడు. ఆళ్లగడ్డ దాటి మూడు మైళ్లు రాకముందే కల్వర్టు దగ్గర ఎడంపక్క చక్రం ఊడి పొలంలోకి దొర్లిపోయింది. కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. వాడి కాలు ఇరుక్కుపోయింది. నాపరాళ్ల లారీ వాళ్లు గడ్డపారలతో తలుపు పెకలించి తీశారట. పెద్దాసుపత్రిలో నిన్న సాయంత్రమే మోకాలి కింద తీసేశారు. ఎడమ కాలు.

ఇరవై ఆరేళ్లు వాడికి. పెళ్లై ఏడాదిన్నర.

ఇవాళ బ్రేక్ ఇన్‌స్పెక్టరు కబురు పంపితే ఆళ్లగడ్డ పోలీస్ స్టేషనుకు పోయాను. కారు ఆవరణలో ఉంది. లాల్ సాహెబ్ అప్పటికే అక్కడ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, నా పేరు విన్నాడట. "మీరు చూసి చెప్పండి మేస్త్రీ, మీ మాటే రాసుకుంటాను" అన్నాడు.

వంగి చూశాను. నట్లు ఎక్కించే ఐదు స్టడ్లూ మొదట్లోనే తెగి ఉన్నాయి. మూడు కొత్తగా తెగినవి, తెల్లగా మెరుస్తున్నాయి. రెండు మాత్రం నల్లగా, తుప్పు పట్టి ఉన్నాయి. అవి నిన్న తెగినవి కావు. నెల దాటి ఉంటుంది. అతిగా బిగిస్తే స్టడ్డు సాగి, సాగినచోట పగిలి, ఒకరోజు తెగుతుంది. తెగిన ముక్క నట్టుతో సహా కప్పులో పడుతుంది. మెల్లగా పోతుంటే అది లోపల దొర్లి గలగలమంటుంది. వేగంగా పోతే అంచుకు అతుక్కుని ఊరుకుంటుంది. పనిలో చేరిన ఏడాదిలో ఎవడైనా నేర్చుకునే సంగతి ఇది. మహబూబ్‌కు నేర్పింది నేనే.

"ఏమంటారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గుంతలో స్పీడుగా దించినాడు సార్. ఒక్క దెబ్బకు తెగినాయి."

నేనే అన్నాను. ఈ నోటితోనే. ఆయన రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. పరంజ్యోతి అని, నాయన బళ్లో నేర్పిన గుండ్రటి అక్షరాలతో.

బయటికి వస్తుంటే లాల్ సాహెబ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏమప్పా పరంజ్యోతీ, ఆ నల్లగుండే రెండూ నీకు కనపళ్లేదా?"

"లేదు."

"ఇన్ని దినాలూ చెవులే అనుకుంటి. కండ్లు గూడానా?" అన్నాడు.

15 ఆగస్టు

షెడ్డు మూసే ఉంచాను. సెలవు కదా.

18 ఆగస్టు

డాక్టరమ్మ మహబూబ్‌ను పనిలోంచి తీసేసింది. లైసెన్సు కూడా రద్దు చేస్తారట. కాలు లేనివాడికి లైసెన్సు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న కొద్దీ తేలిక అవుతుందనుకున్నాను.

21 ఆగస్టు, ఆదివారం

ఆదెమ్మతో గొడవ. ఆసుపత్రికి పోయి వాణ్ని చూసి వద్దామంటుంది. పనుంది అన్నాను. మూసిన షెడ్డులో ఏం పని అంది. వాడి కర్మ, స్పీడు పోవద్దని వెయ్యిసార్లు చెప్పాను అన్నాను. అప్పుడు ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నీకు ఇనపడదు. రెండేండ్లాయ."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరు చెప్పల్ల? ఎనకనుంచి సైకిల్ బెల్లు కొడితే తప్పుకోవు. నా గాజులు ఇనపడవు. చర్చిలో పాట అయిపోయినాక గూడా నువ్వొక్కడివే పాడతాంటావు. నేను నీ చెయ్యి నొక్కుతాండా, తెలుస్తాండాదా? ఊర్లో ఎవురికీ తెలీకుండా నేను దాస్తాండా. నా తప్పే అది. దాచకుంటే ఆ పిల్లోనికి కాలుండేది."

నేను కొట్టబోయాను. రాయక తప్పదు, చెయ్యెత్తాను. ఆమె కదల్లేదు.

ఆమె పడుకున్నాక గడియారం చెవికి ఆనించుకున్నాను. ముల్లు కదులుతోంది. రెండో చెవికి మార్చాను. ముల్లు కదులుతూనే ఉంది.

22 ఆగస్టు

చప్పుళ్లన్నీ పోలేదు. లారీ ఇంజను వినిపిస్తుంది. ఉరుము వినిపిస్తుంది. మగవాళ్ల గొంతులు దగ్గరగా ఉంటే వినిపిస్తాయి. పోయినవన్నీ సన్నటి చప్పుళ్లే. ఇనుము మీద ఇనుము కంగుమనడం పోయింది. ముప్పై ఏళ్లు రేకుల షెడ్డులో సుత్తి కొట్టింది నేనే కదా. ఇనుముది తప్పేమీ లేదు. నా నట్లు కంగుమనే ఉంటాయి, మొదటిసారే.

రెండోసారి ఎందుకు నిలబడ్డాను ఆ పైపు మీద.

4 సెప్టెంబరు, ఆదివారం

చర్చికి పోలేదు.

12 సెప్టెంబరు, సోమవారం

ఇవాళ పోయి నిజం చెప్పాను. చెప్పాక ఏం జరిగిందో కూడా రాస్తాను, నన్ను నేను గొప్పవాడిని అనుకోకుండా ఉండేందుకు.

ముందు డాక్టరమ్మ దగ్గరికి. "అమ్మా, తప్పు నాది. స్టడ్లు నేనే అతిగా బిగించి చెడగొట్టినా. చప్పుడు నాకు ఇనపళ్లేదు. నాకు చెవులు పోయినాయి" అన్నాను.

ఆమె మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత ఆమె కళ్లు చెమర్చాయి. "మేస్త్రీ, నీకా చెవులు పోయింది? ఆ రోజు నా పక్కన కూర్చుని దొరికిందమ్మా అని నువ్వే కదా అన్నావు. నీ శిష్యుడి మీద నీకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. వాడి తప్పు నీ నెత్తిన వేసుకుంటానంటే నేను ఒప్పుకోను" అంది. నర్సును పిలిచి నాకు కాఫీ ఇప్పించింది. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారని నర్సుతో చెప్పింది.

ఇన్‌స్పెక్టరు కూడా అంతే. కాగితాలు కర్నూలు పోయాయి మేస్త్రీ అన్నాడు. లేచి నా భుజం తట్టాడు. "మీలాంటి గురువు దొరకడం వాడి అదృష్టం. నిలుపుకోలేకపోయాడు" అన్నాడు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. వెనక నిలబడి మెల్లగా మాట్లాడండి సార్, నేను జవాబు చెప్పగలనేమో చూడండి అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. వాళ్లు పొగుడుతున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను, అది వినయమని వాళ్లు అనుకున్నారు. కాఫీ కూడా తాగాను.

18 సెప్టెంబరు, ఆదివారం

ఊరంతా పాకింది. పాస్టరుగారు ప్రసంగంలో నా గురించే చెప్పాడట, పరుల భారం మోసేవాడని. నాకేం వినపడలేదు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తుంటే తెలిసింది. ఆదెమ్మ ఈసారి నా చెయ్యి నొక్కలేదు.

26 సెప్టెంబరు

షెడ్డు తెరవమని అవుకు నుంచి ఇద్దరు లారీ ఓనర్లు వచ్చారు. నీలాంటి మనిషి చేతిలోనే పెడతాం బండి అన్నారు. ఒంట్లో బాగాలేదని పంపించేశాను. నిజం చెప్పి పంపించొచ్చు. చెప్పలేదు.

9 అక్టోబరు, ఆదివారం

ఆళ్లగడ్డకు పోయాం, నేనూ ఆదెమ్మా. ఆమె కొంగున కట్టుకున్నట్టు నన్ను బస్సెక్కించింది.

మహబూబ్ ఇంట్లో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వాడి భార్య జాన్‌బీ గడపలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టింది, కూర్చోమని మాత్రం అనలేదు. మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. వాడు నా షెడ్డుకు వచ్చిన మొదటి రోజు నా ముందు అలాగే కూర్చున్నాడు.

దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "రేయ్ మహబూబూ, నువ్వు చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం. నాకు ఇనపడదురా. ఆ కప్పు నువ్వు ఇప్పుంటే..." అన్నాను.  చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వాడు గోడవైపు నుంచి తిరగలేదు. కానీ వాడి భుజం కదిలింది, మెడ దగ్గర నరం కదిలింది. ఏదో అన్నాడు. చిన్న మాట కాదు, చాలాసేపే అన్నాడు. జాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆదెమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఏందిరా? నాకు ఇనపళ్లేదు. ఈ పక్కకు తిరిగి చెప్పు" అన్నాను.

వాడు తిరిగాడు. నా మొహంలోకి చూశాడు. జులైలో రైలుగేటు దగ్గర చూసినట్టు కాదు, ఇప్పుడు నాకు వినపడదని నమ్మి చూశాడు. పెదాలు తెరిచాడు. మళ్లీ మూసేసి గోడవైపు తిరిగిపోయాడు. 

బస్సులో ఆదెమ్మను అడిగాను, ఏమన్నాడని. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

10 అక్టోబరు

అడిగాను. చెప్పలేదు.

13 అక్టోబరు

మళ్లీ అడిగాను. "ఆ మాట నీకు చెప్పినాడు, నాకు కాదు" అంది.

16 అక్టోబరు, ఆదివారం

ఇవాళ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను. తిట్టినాడా, శపించినాడా, ఏదైనా సరే చెప్పు, నాకు తెలియాలి అన్నాను.

ఆదెమ్మ వంగింది. నాకు వినపడేలా, నా మొహంలో మొహం పెట్టి, ఒక్కొక్క మాటే అంది.

"తిట్టుంటే ఆ పొద్దే చెప్పేదాన్ని."

లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.